కంప్యూటర్ గ్రాఫిక్స్: టెక్స్చర్ల సృష్టి

త్రీడీ ఆకృతికి రంగు, గరుకుదనం, మెరుపు తెచ్చే పొరే టెక్స్చర్. చదునైన చిత్రాన్ని ఆకృతిపై పరిచే టెక్స్చర్ మ్యాపింగ్‌ను 1974లో ఎడ్విన్ క్యాట్‌మల్ రూపొందించారు. ఆకృతిని మార్చకుండా వెలుగు లెక్కతోనే ఎగుడుదిగుడులు చూపే బంప్ మ్యాపింగ్ 1978లో జేమ్స్ బ్లిన్ తెచ్చినది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో తుప్పుపట్టిన షెడ్డు రేకును తెరపై చూపాలంటే చిన్న ఫొటోను వరుసగా అతికిస్తే చాలదు. ఒకే మరక పదేపదే కనబడి గుట్టు బయటపడుతుంది. అసలు తుప్పు మేకుల చుట్టూ, అంచుల వెంట ముదురుగా ఉంటుంది. అక్కడ మెరుపు ఉండదు. ఇలాంటి క్రమంలేని తీరును గణిత సూత్రంతో పుట్టించేది పెర్లిన్ నాయిజ్. కెన్ పెర్లిన్ దీన్ని 1985లో ప్రచురించారు. 1997లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం దక్కింది.

గ్రాఫిక్స్ పనికి తెలుగు సినిమాలోనూ గుర్తింపు దక్కింది: ‘ఈగ’ (2012) చిత్రానికి గాను మకుట వీఎఫ్‌ఎక్స్ సంస్థ ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు అందుకుంది.