చత్వారం దాచకండి చెల్లెమ్మా!

సూదిలో దారం ఎక్కించమని పిల్లల్ని కేకేస్తున్నారా? మాత్రల రేకు మీద తేదీ చూడ్డానికి చేయి బారెడు చాపుతున్నారా? అయితే ఈ ముచ్చట మీకే.

నలభై దాటేసరికి కంటిలోపలి కటకం బిరుసెక్కుతుంది, దగ్గరి చూపు మసకబారుతుంది. అదే చత్వారం. జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. "అద్దాలు అలవాటు చేసుకుంటే సైటు ఇంకా పెరుగుతుందట కదక్కా?" అని అడుగుతుంటారు. అది అపోహమ్మా. పెట్టుకున్నా మానినా అరవై దాకా అది కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది. మానితే మిగిలేది కళ్ళు లాగడం, తలనొప్పి.

పిల్లల కళ్ళజోడుకు వేలు పోసే తల్లి తన దగ్గరికొచ్చేసరికి "నాకెందుకులే, ఇంట్లోనేగా ఉండేది" అంటుంది. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరేది, జాకెట్టుకు హుక్కులు కుట్టేది, పొదుపు సంఘం లెక్కలు చూసేది ఆ కళ్ళతోనే కదా! అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూస్తే, ఇవ్వనివాళ్ళకన్నా దాదాపు 22 శాతం ఎక్కువ ఆకు కోయగలిగారని 2018లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఖరీదైన అద్దాలేం కావు అవి.

కొనేముందు మాత్రం ఒక్కసారి కంటి పరీక్ష తప్పనిసరి. షుగరున్నవాళ్ళు అసలు వాయిదా వేయొద్దు. నీటికాసులు (గ్లకోమా) చాలావరకు నొప్పి లేకుండానే చూపు తినేస్తాయి, కొట్లో జోళ్ళు మార్చి చూసుకుంటే అవి బయటపడవు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో తొలిసారి అద్దాలు అందుకున్న అక్కలెందరో! అప్పటి జోడే ఇంకా పెట్టుకుంటుంటే మళ్ళీ చూపించుకోండి, ఈపాటికి పవర్ మారి ఉంటుంది.

రెండు కళ్ళకూ ఒకే పవర్, అడ్డసైటు లేదు అని తేలితే రెండు మూడొందల రెడీమేడ్ జోడు చాలు. తేడా ఉంటే చేయించుకోవాల్సిందే. అప్పుడైనా ఫ్రేము మామూలుదే తీసుకోండి, బిల్లు పెంచేది ఎక్కువగా అదే. మీరు రోజూ పుస్తకం పట్టుకునే దూరంలో పెట్టి చదివి చూశాకే డబ్బివ్వండి. వాటితో స్కూటీ నడపొద్దు, దూరం మసగ్గా కనిపిస్తుంది. పైట చెంగుతో పొడిగా తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్ళు పోసి కడగండి.

ఇక ఎండకు పెట్టుకునే నల్లద్దాలు. నలుపు ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకుంటాం. కాదు. నీడకు కంటిపాప పెద్దదవుతుంది. అతినీలలోహిత కిరణాల్ని ఆపే గుణం ఆ అద్దానికి లేకపోతే అవి ఇంకా ఎక్కువగా లోపలికి దూరతాయి. శుక్లాలకూ, కంట్లో కండ పెరగడానికీ ఆ కిరణాలూ ఓ కారణమే. అందుకే "యూవీ 400" అని ఉందో లేదో చూడండి. స్టిక్కరు ఎవరైనా అంటించొచ్చు కాబట్టి, కళ్ళద్దాల షాపులో మీటరు ఉంటే పెట్టి చూపమనండి. తర్వాత జోడును చేతి దూరంలో పట్టుకుని, దాన్లోంచి నేల మీది టైల్సు గీతను చూస్తూ అటూ ఇటూ కదపండి. గీత వంకర్లు పోతే అద్దం నాసిరకం, పక్కన పెట్టేయండి. మండుటెండలో పొలానికో బస్టాపుకో వెళ్ళేవాళ్ళు పక్కల్నించి వెలుగు దూరకుండా పెద్దద్దాలవి తీసుకోండి.

ఈ నెల సరుకుల చీటీలో మీ కళ్ళజోడు కూడా రాయండమ్మా, పైవరసలోనే!