బడి గేటు దగ్గర ఖంతి



పొద్దున ఎనిమిదిన్నరకు మీ పిల్లల బడి గేటు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కార్లు, బైకులు, పిల్లలతో కిక్కిరిసిన ఆటోలు, ఎదురుగా బడి బస్సు. ఒకాయన సరిగ్గా గేటుకు అడ్డంగా కారాపి పిల్లాడి బూటు లేసు కడుతుంటాడు. వెనక ఒకటే హారన్లు. ఈసారి మన పాఠం ఆ పది నిమిషాల గురించే.

ఖంతి అంటే ఓర్పు, పది పారమితల్లో ఒకటి. ద్వేషానికి ద్వేషం బదులివ్వకపోవడమే దాని సారమని బాబాసాహెబ్ వివరించారు. రాజగృహంలో అక్కోస భారద్వాజుడనే బ్రాహ్మణుడు, తన వంశంవాడొకడు సంఘంలో చేరాడని కోపంతో వచ్చి బుద్ధుణ్ణి నానా తిట్లూ తిట్టాడు. మీ ఇంటికొచ్చిన చుట్టాలు, పెట్టింది తినకపోతే ఆ తిండి ఎవరిదవుతుందని బుద్ధుడు అడిగాడు. మాదేనన్నాడు ఆయన. అయితే నీ తిట్లు నేను తీసుకోవడం లేదు, అవీ నీవేనన్నాడు బుద్ధుడు.

ఈ కథ మీరు విని ఉంటారు. మనమంతా బుద్ధుడి వైపు నిలబడే వింటాం. గేటు దగ్గర మాత్రం చాలాసార్లు మనం భారద్వాజుడి వైపే ఉంటాం.

నా సంగతే చెప్తా. పోయిన ఏడాది ఒక పొద్దున పెద్ద కారొకటి అడ్డంగా ఉంటే, "కొంచెం ముందుకు తీస్తారా అండీ" అన్నాను. దాని వెనకే ఆటో ఆగితే, "రేయ్, తియ్ రా" అని అరిచాను. రాత్రి అన్నం తింటూ మా పాప అడిగింది: "నాన్నా, ఆ ఆటో అంకుల్ మా క్లాసమ్మాయి వాళ్ల నాన్న. ఆయన్ని రేయ్ అన్నావ్, కారాయన్ని అండీ అన్నావ్. ఎందుకు?"

ఏం చెప్పను? నాకు ఓర్పు లేక కాదు. ఎవరి దగ్గర ఉంచుకోవాలో, ఎవరి దగ్గర వదిలేయవచ్చో బాగా తెలిసే అలా చేశాను. ఆ 'రేయ్' అనే పిలుపు మన తాతల్ని ఎంత నలిపిందో సభల్లో మాట్లాడేవాణ్ణి, ఆ ముక్కే నా నోట్లోంచి వచ్చింది. మర్నాడు వెళ్లి తప్పయిందన్నాను. ఆయన నవ్వి, "పర్లేదు సార్, మాకు అలవాటే" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

బుద్ధుడు కొడుకు రాహులుడికి అద్దంతో పోల్చి చెప్పిన పాఠం ఒకటుంది. అద్దంలో ముఖం చూసుకున్నట్టు, మాటనైనా పనినైనా చేయకముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా చూసుకోమన్నాడు. ఇది ఎవరికైనా హాని చేస్తుందా అని. మన బండికీ అద్దం ఉంది. వెనక వచ్చే లారీ కోసమే చూస్తాం గానీ, వెనక కూర్చున్న పిల్ల ముఖం కూడా అందులో కనిపిస్తుంది.

రేపు పది నిమిషాలు ముందు బయల్దేరండి. బండి వీధి మొదట్లోనే ఆపి, పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాకా నడవండి. ఎవరైనా దారికి అడ్డంగా ఆపితే నోరు మూసుకోమని నేననడం లేదు. చెప్పండి. కారాయనకైనా, ఆటో ఆయనకైనా, సైకిల్ మీద మనవణ్ణి దింపే ముసలాయనకైనా అదే గొంతుతో, అదే 'అండీ'తో చెప్పండి.