ఆయుధము పట్టని శూరుడు

చదువవలసిన భాగములు: లూకా 10:25–37, రోమా 12:17–21
కంఠత చేయవలసిన వచనము: యోహాను 15:13



సైనికుడనగానే మన కన్నులయెదుట తుపాకి కనబడును. ఈ నెల పాఠములో, యుద్ధభూమిలో నిలిచియు తుపాకి చేతపట్టనొల్లని యొక సామాన్య సైనికుని జీవితమును ధ్యానించుదము. ముందుగా పైభాగములను ఇంటివారందరు కూడి చదువుకొనుడి. చదువు రానివారికి చదివి వినిపింపుడి.

బాల్యము

డెస్మండ్ డాస్ 1919 ఫిబ్రవరి 7వ తేదీన అమెరికా దేశమందలి వర్జీనియా రాష్ట్రములో, లించ్‌బర్గ్ పట్టణమున ఒక వడ్రంగి యింట పుట్టెను. వారు సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘమువారు. శనివారమును విశ్రాంతిదినముగా ఆచరించువారు. వారి యింటిగోడపై పది ఆజ్ఞలను బొమ్మలతో చూపు పటమొకటి యుండెను. కయీను తన తమ్ముని చంపిన బొమ్మను ఆ పిల్లవాడు మాటిమాటికి చూచి, తోడబుట్టినవాడే యిట్టి పని యెట్లు చేసెనని కలతపడెడివాడు. తలిదండ్రులారా, ఒక గోడపటము బిడ్డ మనస్సులో ఎంత లోతుగా నాటుకొనెనో చూచితిరా?

సైన్యములో

పెద్దవాడై అతడు ఓడలు కట్టు కార్ఖానాలో పనిచేయుచుండెను. అది యుద్ధమునకు కావలసిన పని గనుక, సైన్యమునకు పోకుండ నిలిచిపోవుటకు వీలుండెను. అతడట్లు కోరలేదు. 1942 ఏప్రిల్‌లో సైన్యములో ప్రవేశించెను. దేశమునకు సేవచేయుదును, గాని నరుని చంపను. గాయపడినవారికి కట్లు కట్టుదును అని అతని నిశ్చయము.

తోటివారు అతనిని పిరికివాడని నవ్విరి. మంచముప్రక్కన మోకరించి ప్రార్థించుచుండగా బూట్లు విసరిరి. యుద్ధములోనికి పోయినయెడల నీవు ప్రాణముతో తిరిగిరావని యొకడు బెదిరించెను. పై అధికారులు అతనిని పనికిరానివాడని పంపివేయ జూచిరి. అతడు కోపపడలేదు, పారిపోలేదు. వారి కాళ్లకు పొక్కులు లేచినప్పుడు తానే మందు వేసెను.

కొండచరియమీద

1944లో గ్వామ్ ద్వీపమందును, లేటే ద్వీపమందును అతడు క్షతగాత్రులకు సేవచేసెను. 1945లో అతని దళము జపానుదేశపు ఒకినావా ద్వీపమునకు వచ్చెను. అక్కడ మయేదా అను చోట నిటారుగా లేచిన కొండచరియ యొకటి యున్నది. అది 400 అడుగుల ఎత్తని అతని ప్రశంసాపత్రములో వ్రాయబడెను. సైనికులు పైకెక్కగానే ఫిరంగులు, మరతుపాకులు వారిమీద విరుచుకుపడెను. చేతనైనవారందరు క్రిందికి దిగిపోయిరి. గాయపడినవారు పైననే పడియుండిరి.

డాస్ దిగిపోలేదు. ఒక్కొక్కని ఈడ్చుకొనియు మోసికొనియు చరియ అంచునకు తెచ్చి, త్రాటితో కట్టి, క్రింద నున్నవారి చేతులకు దింపెను. మరియొకని రక్షించుటకు సహాయము చేయుమని ప్రతిమారు ప్రభువును వేడుకొనెనట. ఎందరిని రక్షించెనో లెక్క వ్రాయవలసి వచ్చినప్పుడు, నూరుమంది యుందురని అధికారులనిరి. యాభైమందికి మించరని అతడనెను. తుదకు 75 మంది యని వ్రాసిరి. తన మంచిపనిని తానే తగ్గించి చెప్పువారు మనలో ఎందరున్నారు?

మే 21వ తేదీ రాత్రి చేతిబాంబు ప్రేలి అతని కాళ్లు గాయపడెను. మరియొకనిని పిలిచి ప్రమాదములో పడవేయనొల్లక, తన గాయములకు తానే కట్టుకొని అయిదు గంటలు వేచియుండెను. తెల్లవారి స్ట్రెచరుమీద మోసికొనిపోవుచుండగా, తనకంటె ఎక్కువగా గాయపడినవాని జూచి, దానిపైనుండి దిగి, వానిని మోయుడనెను. అంతలో గుండు తగిలి అతని చేయి విరిగెను. అప్పుడతడు తుపాకి కొయ్యను బద్దగా చేతికి కట్టుకొని, 300 గజములు ప్రాకిపోయెను. అతడు తుపాకిని వాడుకొన్నది ఇందుకే.

1945 అక్టోబరు 12న అధ్యక్షుడు ట్రూమన్ అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ అను అత్యున్నత పతకమిచ్చెను. గాని శ్రమలు తీరలేదు. క్షయరోగముచేత ఒక ఊపిరితిత్తిని, అయిదు ప్రక్కటెముకలను పోగొట్టుకొనెను. ఏండ్లతరబడి ఆసుపత్రులలో నుండెను. తరువాత చెవుడును వచ్చెను. 2006 మార్చి 23న కన్నుమూసెను.

మనము నేర్చుకొనవలసినవి

మొదటిది: మనస్సాక్షి ఒక్కదినమున పెరుగదు. కొండమీద నిలిచినవాడు అంతకుముందే మంచముప్రక్కన మోకాళ్లమీద నిలిచినవాడు.

రెండవది: ఆయుధము పట్టిన సహోదరుని మనము తీర్పు తీర్చరాదు. డాస్ అట్టివారితో కలిసి నడిచి, వారికొరకే ప్రాణమునకు తెగించెను.

మూడవది: నవ్వినవారినే అతడు మోసెను. ఇది వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది. మా సంఘములో ఒక కుటుంబమువారు మమ్మును చాలకాలము దూషించిరి. వారి బిడ్డకు జ్వరము తగిలెనని విని, ఆ గడప త్రొక్కుటకు మేము మూడు దినములు జాగుచేసితిమి. నాలుగవ దినమున పోగా, ఆ తల్లి, “అయ్యగారూ, మీరు రారనుకొన్నాము” అనెను. ఆ మాట మా గుండెలో ఇంకను గ్రుచ్చుకొనుచున్నది. బిడ్డ కోలుకొనెను, గాని ఆ మూడు దినములను మేము తిరిగి తెచ్చుకొనలేము. సమరయుడు దారిన పడినవానిని, నీవెవరివాడవని అడిగినట్లు లూకా వ్రాయలేదు.

కూడికలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటి గోడలమీద మన బిడ్డలు దినదినము చూచునదేమి?
2. డాస్ సైన్యమును తప్పించుకొనుటయు, తుపాకి పట్టుటయు రెండును ఎందుకు ఒల్లలేదు?
3. నిన్ను దూషించినవాని గడప త్రొక్కుటకు నీవు ఎన్ని దినములనుండి జాగుచేయుచున్నావు?

ప్రార్థన: ప్రభువా, అందరిని ఒక్కసారిగా మోయు బలము మాకు లేదు. నేడు మా యెదుట పడియున్న యొక్కనిని మోయుటకు మాకు కృప దయచేయుము. ఆమేన్.