మంచుకొండలలో ఆకుకూరల పెంపకము

వేసవియెండకు నారు వాడిపోకుండ మనము తాటాకుపందిరి వేయుదుము. మనకు సూర్యుని వేడిమి మితిమీరిన సంపద. అయితే, ఆ వేడిమిని ధనమువలె కూడబెట్టుకొని పైరు పండించు ప్రజలును మన దేశమునందే కలరు. వారు హిమాలయములకావలనున్న లడాఖు ప్రాంతమువారు.

అచ్చటి లే పట్టణము సముద్రమట్టమునకు సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. వర్షము అత్యల్పము, ఆకాశము నిర్మలము. శీతకాలపు రాత్రులలో చలి సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడు వరకును పోవుట కలదు. మంచుచే కనుమదారులు మూతపడినప్పుడు పల్లపుసీమల కూరలు వచ్చుట కష్టము. కనుకనే తల్లులు ఎండబెట్టిన ఆకులతోను, పాతరలో దాచిన దుంపలతోను బిడ్డలను పోషించుచుండిరి. పొరుగుననున్న లాహౌలు సీమకు బంగాళాదుంపను తెచ్చినవారు 19వ శతాబ్దపు మొరేవియను మిషనరీలని మనము సంతోషముతో స్మరింపవచ్చును. ఇప్పుడు పెక్కు ఇండ్లవారు హరితగృహములలో శీతకాలమందును పచ్చికూర పండించుచున్నారు.

ముఖ్యసూత్రమేమన, హరితగృహము వేడిమిని పుట్టింపదు. పగలు వచ్చిన వేడిమిని పోనీయక నిలుపును. సూర్యకాంతి పారదర్శకమైన కప్పుగుండ లోపలికి వచ్చి, నేలను గోడలను తాకి, వేడిమిగా మారును. వేడెక్కిన గాలి బయటికి పోలేక లోపలనే నిలుచును.

నిర్మాణము: గృహము తూర్పుపడమరలుగా పొడవై యుండవలెను. డిసెంబరులో లేయందు మధ్యాహ్నసూర్యుడు దక్షిణదిక్కున సుమారు 32 డిగ్రీల ఎత్తుననే యుండును. కావున దక్షిణభాగమును వాలుగా నిలిపి పాలిథీను పొరతో కప్పుదురు. తక్కిన మూడువైపుల పచ్చియిటుకల మందపుగోడలు కట్టుదురు. ఉత్తరపుగోడకు లోపల నల్లరంగు పూసినయెడల అది పగలు వేడిమిని గ్రహించి రాత్రి మెల్లగా విడుచును. నేలను లోతుగా త్రవ్వి పైన పొర పరచు విధానము మరింత చౌక.

వేడిమిని నిలుపుట: ప్రొద్దు వాలకముందే గాలికంతలు మూసి, పొరపై దుప్పటులు గాని చాపలు గాని కప్పవలెను. ఇది మరచిన ఒక్కరాత్రితో మడియంతయు గడ్డకట్టవచ్చును. నల్లని పీపాలలో నీరుంచుటయు మేలు. 200 లీటర్ల నీరు 15 డిగ్రీలనుండి 5 డిగ్రీలకు చల్లారునప్పుడు 2,000 కిలోకేలరీల వేడిమి వెలువడును. ఇది సుమారు అరకిలో ఎండుకట్టెల వేడిమికి సమానము. మూసిన గృహములో బొగ్గులకుంపటి మాత్రము పెట్టరాదు. దానినుండి వచ్చు కార్బను మోనాక్సైడు అను విషవాయువునకు రంగులేదు, వాసనలేదు. అది మనుష్యుల ప్రాణము తీయును.

నాటుట: చలికి తగిన పైరును ఎన్నుకొనవలెను గాని, పైరుకొరకు కట్టెలు తగులబెట్టరాదు. పాలకూర, కొత్తిమీర, ఆవాకు, ముల్లంగి చలికి ఓర్చును. చలి ముదురకముందే విత్తినచో వేళ్లు బలపడును. పలుచగా విత్తి, లేబొడిమెను ముట్టక వెలుపలి ఆకులనే కోయుచుండవలెను. టమాట, మిరపలకు శీతకాలము తగదు. వసంతమున లోపల నారుపోసి, మంచుభయము తీరినపిదప బయట నాటవలెను. నీరు మితముగా, ఎండవచ్చిన తరువాతనే పోయవలెను. మధ్యాహ్నము కొంతసేపు గాలికంతలు తెరువనిచో చెమ్మచే బూజుతెగులు పట్టును.

మీరును దీనిని పరీక్షింపవచ్చును. చలికాలపు ఉదయమున రెండు మూకుళ్లలో ఒకే మన్ను పోసి, ఒకదానిపై గాజుపలక మూసి, రెంటిని ఎండలో నుంచుడు. గంటకొకసారి థర్మామీటరుతో మంటివేడిమి కొలిచి వ్రాసికొనుడు. సాయంకాలమున మూతపెట్టిన మూకుడుపై గోనెపట్ట కప్పి, రాత్రి మరల కొలువుడు. భేదము మీ కన్నులకే తెలియును.

యోసేపు సమృద్ధిగల సంవత్సరములలో ధాన్యము దాచి కరవుకాలమున ఐగుప్తును బ్రదికించెను. లడాఖు గృహిణియు అట్లే, పగటియెండను రాత్రికి దాచి, తన బిడ్డల పళ్లెమున పచ్చనికూర వడ్డించుచున్నది. దేవుడిచ్చినది కొంచెమైనను వ్యర్థపుచ్చక కాపాడుకొనువాడే నిజమైన కృషీవలుడు.