మెడికల్ కార్డు కూడా బయటికి తియ్యి చెల్లీ

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది చెల్లీ. ఐదేళ్ళ పిల్లాడికి ఎనిమిది పిప్పిపళ్ళు. మెలకువగా ఉంటే కుర్చీలో కుదురుగా కూర్చోడు, పూర్తి మత్తు ఇవ్వాలన్నారు. డెంటల్ ఇన్సూరెన్స్ వాళ్ళేమో మత్తు ఖర్చు మాకు సంబంధం లేదన్నారు. పాలపళ్ళేగా, ఊడిపోతాయిలే అని మీ అత్తగారన్నారని మాత్రం వాయిదా వెయ్యకు. వెనక పాలదంతాలు పదేళ్ళు దాటేదాకా ఉంటాయి. చీము పట్టిందంటే కింద పెరిగే అసలు దంతానికీ ముప్పే.

మా చిన్నదానికి ఇదే అవసరం వచ్చినప్పుడు నేను డెంటల్ కార్డు ఒక్కటే పట్టుకుని వారాల తరబడి తిరిగాను. నువ్వు అలా తిరగకూడదు. పంటి పని డెంటల్‌ది, మత్తు, ఆసుపత్రి ఖర్చు మెడికల్‌ని అడగాల్సినవి. మనముండే న్యూజెర్సీలో దీనికి చట్టమే ఉంది. ఐదేళ్ళు, అంతకు తక్కువ వయసున్న పిల్లలకూ, తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్ళకూ పంటి చికిత్స కోసం ఇచ్చే జనరల్ అనస్థీషియాను, ఆసుపత్రి ఖర్చును మెడికల్ పాలసీ భరించాలి. మీ వాడికి ఆరు రాకముందే కదులు.

ఒక్క మెలిక ఉంది. పెద్ద కంపెనీల్లో చాలావాటివి సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లు. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంటుంది, డబ్బు కట్టేది మాత్రం ఉద్యోగమిచ్చిన కంపెనీయే. వాటికి ఫెడరల్ చట్టం ఎరిసా వర్తిస్తుంది, ఈ రాష్ట్ర చట్టం వర్తించదు. మరిదిగారిని హెచ్‌ఆర్‌లో ఆ సంగతి కనుక్కోమను. సెల్ఫ్ ఫండెడే అయినా దిగులు పడకు, ప్లాన్ కాగితాల్లో అనస్థీషియా గురించి ఏం రాసుందో తెప్పించుకుని చూడండి.

పిల్లల దంతవైద్యురాలి చేత మత్తు ఎందుకు తప్పనిసరో ఉత్తరం రాయించుకో. ముందస్తు అనుమతి కాగితం మీదే తీసుకో, ఫోన్లో విన్న సరే సరిపోదు. మత్తు డాక్టరు మీ నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో విడిగా అడుగు. డెంటల్ బిల్లులో మత్తుకు 15 నిమిషాల చొప్పున లెక్క కడతారు, అందుకని ఎంతసేపు పడుతుందో ముందే చెప్పించుకో. కాదన్నా ఆగిపోకు, అప్పీలుకు 180 రోజుల గడువుంటుంది.

డబ్బు కన్నా ముందు ఇంకొకటి అడగాలి తల్లీ. పళ్ళ పని చేసే డాక్టరు కాక, పిల్లాడి ఊపిరినీ గుండెనూ కనిపెట్టడానికే వేరే మనిషి ఉంటారా అని. ఉండరంటే అక్కడ చేయించకు.

రేపు పొద్దున్నే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయించు. ఏమన్నారో సాయంత్రం నాకు చెప్పు.