క్యాంపర్ వ్యాన్ తలుపు మొరాయిస్తే ఏం చేయాలి?

చీకటి పడే వేళకు క్యాంపు స్థలానికి చేరాం. పిల్లలకు ఆకలి, కుక్కరేమో వెనక మంచం కింద. బటన్ నొక్కితే తలుపు కీచుమని కూసి, జానెడు జరిగి, మళ్ళీ వెనక్కి పోయి మూసుకుంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. ‘మోటారు పోయింది, ఇక వెయ్యి డాలర్లు పోయినట్టే’ అనుకున్నాను. టార్చి వేసి చూస్తే కింది పట్టాలో స్లీపింగ్ బ్యాగు తాడు కొస చిక్కుకుని ఉంది.

ఆ రాత్రి నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం. కరెంటు తలుపు ఆగిందంటే కారణం రెండింటిలో ఒకటి: చేతకాక ఆగి ఉండాలి, లేదా ఏదో ఒకటి వద్దంటే ఆగి ఉండాలి. తాడు చిక్కుకోవడం, ఇసుక పేరుకోవడం, బ్యాటరీ నీరసించడం మొదటి రకం. స్విచ్, చైల్డ్ లాక్, సెన్సర్ అడ్డుపడటం రెండో రకం. ఈ రెండూ తేల్చుకున్నాకే మోటారును అనుమానిద్దాం.

అమెరికాలో మన కుటుంబాలు ఎక్కువగా వాడే టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ, క్రైస్లర్ పసిఫికా లాంటి మినీవ్యాన్‌లో వెనక సీట్లు తీసి, మంచం అమర్చుకున్న బండిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. వేరే బండి అయినా వరుస ఇదే. బటన్లు, ఫ్యూజులు ఎక్కడున్నాయో మాత్రం మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి.

తలుపు ఎలా నడుస్తుంది?

తలుపు పైన, మధ్యలో, కింద మూడు పట్టాల మీద రోలర్లతో జరుగుతుంది. చాలా బండ్లలో మోటారు ఒక ఉక్కు కేబుల్‌ను చుట్టుకుంటూ, వదులుతూ తలుపును లాగుతుంది. బావి గిలక మీద చేంతాడు గుర్తు తెచ్చుకోండి, అదే పద్ధతి. తలుపు అంచున ఉన్న రబ్బరు పట్టీకి ఏదైనా తగిలితే కంప్యూటరు తలుపును వెనక్కి పంపేస్తుంది. తలుపు చివరిదాకా వచ్చాక లాచ్ దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఇంతకు మించి తెలియాల్సిన అవసరం ఇవాళ లేదు.

కావలసినవి

- బండితో వచ్చిన మాన్యువల్
- మల్టీమీటర్ (చవకరకం చాలు)
- తలకు కట్టుకునే టార్చి, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి
- పాత టూత్‌బ్రష్, మెత్తటి గుడ్డలు, చిన్న వాక్యూమ్ క్లీనర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- ఆరిపోయే రకం సిలికాన్ స్ప్రే
- మందపాటి గ్లవ్స్
- ఖాళీ అట్టపెట్టె ఒకటి, కొంచెం టేపు
- కాగితం, పెన్ను (దీన్ని వదిలేయకండి, చివర్లో ఇదే పనికొస్తుంది)

మొదలుపెట్టే ముందు

బండిని చదునైన నేల మీద ఆపండి. వాలులో మంచి తలుపు కూడా బరువుగా కదులుతుంది, మనం లేని జబ్బును కనిపెడతాం. గేరు ‘పి’లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేయండి. పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి. ఇద్దరు కలిసి పనిచేస్తుంటే ఒక నియమం: ఒకరి వేలు బటన్ మీద ఉన్నప్పుడు రెండోవారి చెయ్యి తలుపు దగ్గర ఉండకూడదు. ‘నొక్కుతున్నా’ అని గట్టిగా చెప్పాకే నొక్కాలి.

పద్ధతి

మొదటి దశ: చూద్దాం, విందాం, రాసుకుందాం

1. తలుపును నడిపే బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూద్దాం: తాళంచెవి రిమోట్, డ్రైవరు దగ్గరి బటన్, తలుపు పక్కనున్న బటన్, బయటి హ్యాండిల్, లోపలి హ్యాండిల్. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రాసుకోండి.

2. రాసుకున్నది చదువుదాం. రిమోట్ ఒక్కటే పనిచేయకపోతే దానిలోని బిళ్ళ బ్యాటరీ మార్చి చూడాలి. లోపలి హ్యాండిల్ ఒక్కటే పనిచేయకపోతే చైల్డ్ లాక్ సంగతి చూడాలి. అన్నీ చచ్చుబడితే మెయిన్ స్విచ్ లేదా కరెంటు. బయల్దేరి వెనక్కి వస్తుంటే దారిలో ఏదో అడ్డం ఉంది.

3. చప్పుడు కూడా రాసుకోండి. నిశ్శబ్దంగా ఉందా, ‘టక్’మని ఆగిందా, మోటారు తిరుగుతున్నా తలుపు కదలట్లేదా, గరగరమంటోందా? ఈ ఒక్క వివరంతో మెకానిక్‌కు ఎంతో సమయం కలిసొస్తుంది.

రెండో దశ: వద్దంటున్నదెవరు?

4. చాలా మినీవ్యాన్‌లలో కరెంటు తలుపులను మొత్తంగా ఆపేసే మెయిన్ స్విచ్ డ్రైవరుకు అందేచోట ఉంటుంది. సామాన్లు సర్దేటప్పుడు మోచెయ్యి తగిలి అది ఆఫ్ అయిపోతుంటుంది. ముందు దాన్ని చూడండి.

5. తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ మీటను చూడండి. అది వేసి ఉంటే లోపలి హ్యాండిల్ పనిచేయదు. మంచం మీద పడుకుని లోపలినుంచే తలుపు తీసే మనకు ఇది ముఖ్యం.

6. పెట్రోలు మూత తెరిచి ఉందేమో చూడండి. మూత ఏ పక్క ఉందో ఆ పక్క తలుపు తెరుచుకుంటే మూతకు, పంపు గొట్టానికి తగులుతుంది. అందుకే మూత తెరిచి ఉన్నంతసేపు ఆ తలుపును ఆపేసే ఏర్పాటు చాలా బండ్లలో ఉంటుంది. పెట్రోలు కొట్టించుకున్నాక మూత సరిగ్గా పడకపోతే అవతలి తలుపు హాయిగా తెరుచుకుంటుంది, ఇవతలిది కదలదు.

మూడో దశ: కరెంటు చాలినంత ఉందా?

7. క్యాంపర్ వాళ్ళం ఇక్కడే బోల్తా పడతాం. ‘ఫ్రిజ్ నడుస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి, బ్యాటరీకేం’ అనుకుంటాం. ఫ్రిజ్, లైట్లు నడిచేది మనం తర్వాత పెట్టించుకున్న అదనపు బ్యాటరీతో. తలుపు నడిచేది ఇంజిన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీతో. రాత్రంతా తలుపు తెరిచి పెట్టుకుంటే లోపలి దీపాలు తాగేది కూడా ఈ రెండోదాన్నే.

8. మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పి, ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన బండిలో 12.6 వోల్టుల దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే ముందు చార్జింగ్, తర్వాతే తలుపు సంగతి.

9. ఇప్పుడు మీటరును అలాగే ఉంచి, తోడున్నవారిని బటన్ నొక్కమనండి. అంకె కొంచెం తగ్గడం మామూలే. 11 కంటే కిందికి జారిపోతుంటే బ్యాటరీ ముసలిదైనా అయ్యుండాలి, దాని తీగల బిగింపు వదులైనా అయ్యుండాలి.

10. మాన్యువల్‌లో తలుపు ఫ్యూజు ఎక్కడుందో చూసి, బండి ఆఫ్ చేసి, దాన్ని తీసి వెలుతురులో పెట్టి చూడండి. లోపలి తీగ తెగి ఉంటే అదే ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. కొత్తది కూడా వెంటనే పోతే మూడోది పెట్టకండి. తలుపు ఎక్కడో ఇరుక్కుందనో, తీగ ఎక్కడో తగులుకుందనో ఫ్యూజు మనకు చెబుతోంది.

నాలుగో దశ: చేత్తో తోసి చూద్దాం

11. మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. ఇప్పుడు హ్యాండిల్ లాగి తలుపును చేత్తో మెల్లగా చివరిదాకా జరపండి, తిరిగి మూయండి. మోటారు పనిచేస్తుండగా దానితో పెనుగులాడకండి.

12. మొత్తం దారిలో ఒకే బరువు తెలుస్తోందా? ఒకచోట ఆగి, గట్టిగా తోస్తే ‘గడక్’మని దాటితే, ఆ చోట పట్టా పక్కన టేపు ముక్క అంటించండి. చేతికి బరువైన తలుపు మోటారుకూ బరువే. ఇక్కడ దొరికిందంటే మన అనుమానం చాలావరకు తీరినట్టే.

ఐదో దశ: పట్టాలు శుభ్రం చేద్దాం

13. ముందు వాక్యూమ్, తర్వాత బ్రష్, చివర ఆల్కహాల్ తడిపిన గుడ్డ. ఈ వరుస తప్పితే దుమ్ము బురదై మూలల్లో కూర్చుంటుంది. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌కు వెళ్ళొస్తే అక్కడి తెల్లటి జిప్సం ఇసుక కింది పట్టా నిండా ఉంటుంది. అది పిండిలా కనిపిస్తుంది గానీ రోలర్లకు అడ్డే.

14. మంచం బిగించినప్పటి స్క్రూల కొసలు పట్టాలోకి పొడుచుకొచ్చాయేమో టార్చి వేసి చూడండి. పరుపు మూల, తెర అంచు, తాళ్ళు తలుపు దారిలోకి రాకూడదు.

15. రోలర్లు ఒక్కొక్కటీ తిరుగుతున్నాయో లేదో చూడండి. తిరగకుండా ఈడ్చుకుపోయే రోలరు ఒకవైపు చదునుగా అరిగి ఉంటుంది.

16. అంతా ఆరాక సిలికాన్ స్ప్రే పల్చగా కొట్టి, మిగిలింది తుడిచేయండి.

ఆరో దశ: అంచు పట్టీ, తీగలు

17. రబ్బరు పట్టీని పైనుంచి కిందికి చూడండి. చిరిగిందా, నొక్కుకుపోయి ఉందా? కొన్ని బండ్లలో దీనిలో సన్నటి కరెంటు తీగలుంటాయి. అవి ఒకదానికొకటి తగిలితే ఏదో అడ్డం వచ్చిందని తలుపు భ్రమపడుతుంది.

18. పట్టీ పనితనం చూడాలంటే ఖాళీ అట్టపెట్టెను దారిలో పెట్టి తలుపు మూయండి. తగలగానే వెనక్కి పోవాలి. చెయ్యి పెట్టి మాత్రం పరీక్షించకండి.

19. పాత బండ్లలో తలుపుకు కరెంటు స్ప్రింగు మీద నిలిచే చిన్న లోహపు బొడిపెల ద్వారా అందుతుంది. అవి నల్లబడితే ఆల్కహాల్‌తో తుడవండి. కొత్త బండ్లలో తీగల కట్ట తలుపుతోపాటు వంగుతూ, సాగుతూ ఉంటుంది. వంపు దగ్గర పై తొడుగు పగిలిందేమో చూడండి. తలుపును ఒకచోట ఉంచితే పనిచేసి, ఇంకోచోట పనిచేయకపోతే అనుమానం ఈ తీగల మీదే.

ఏడో దశ: లాచ్, రీసెట్

20. తలుపు పూర్తిగా వచ్చి, బిగుసుకోకుండా మళ్ళీ తెరుచుకుంటోందా? లాచ్‌లో, దానికి ఎదురుగా తలుపు చట్రపు స్తంభానికున్న కొక్కెం దగ్గర మట్టి ఉందేమో తుడవండి. చలిదేశాల్లో మంచు కూడా ఇక్కడే గడ్డకడుతుంది. మంచు కరిగేదాకా బటన్ నొక్కకండి.

21. ఈమధ్య బ్యాటరీ తీసి పెట్టి ఉంటే తలుపు తన కొలతలు మరిచిపోయి ఉండొచ్చు. చాలా బండ్లలో చేత్తో పూర్తిగా మూసి, మాన్యువల్‌లో చెప్పిన వరుసలో మళ్ళీ నేర్పించాలి.

కొత్తవాళ్ళు చేసే పొరపాట్లు

- పదేపదే నొక్కడం. ఇరుక్కున్న తలుపుతో మోటారును తోయించడం, ఎద్దు పడిపోయాక కొరడా తీసినట్టే. రెండుసార్లు నొక్కి, ఆగి, వెతకండి.
- పట్టాలో గ్రీజు, ఇంజిన్ ఆయిల్ పూయడం. ఆ రోజు వెన్నలా జరుగుతుంది. వారం తిరిగేసరికి ఇసుకంతా దానికే అంటుకుంటుంది.
- పెద్ద ఫ్యూజు పెట్టడం. ఫ్యూజు బదులు తీగ కాలుతుంది, తీగ చుట్టూ మన పరుపులుంటాయి.
- తలుపు మీద బరువు పెంచడం. వంటసామాను అరలు, మడత బల్లలు తలుపుకే వేలాడదీస్తాం. మోటారు లెక్క అసలు తలుపు బరువుకు మాత్రమే.
- తలుపు లోపల వేడి ఆపే దూది కుక్కడం. అది కేబుల్‌కు తగలొచ్చు, కింద నీరు పోయే రంధ్రాలను మూసేయొచ్చు. నీరు నిలిస్తే తుప్పు.

ఎక్కడ ఆగాలి?

కేబుల్ పోగులు లేచి కనిపిస్తే అక్కడితో ఆగండి. గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే వేలు తెగుతుంది. మోటారు విప్పడం, స్తంభం లోపలి పసుపురంగు తొడుగున్న తీగలను కదపడం మన పని కాదు. అవి ఎయిర్‌బ్యాగులవి.

బండి వీఐఎన్ నంబరు 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. అమెరికాలో ఆ నంబరుతో రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో ఉచితంగా చూడొచ్చు, రీకాల్ మరమ్మతుకూ డబ్బు తీసుకోరు. 2016లో టొయోటా 2011 నుంచి 2016 దాకా వచ్చిన సియెన్నాలను ఈ తలుపు విషయమై వెనక్కి పిలిచింది. లాచ్ గడ్డకట్టడం వంటి కారణాలతో తలుపు తెరుచుకోలేకపోతే మోటారు మీద భారం పెరిగి ఫ్యూజు పోవచ్చని, ఆ క్షణంలో లాచ్ విడిపోయిన స్థితిలో ఉంటే నడుస్తున్న బండిలో తలుపు తెరుచుకోవచ్చని తేలింది. ఫ్యూజు పోవడాన్ని చిన్నచూపు చూడొద్దని నేను అన్నది ఇందుకే.

తలుపు పూర్తిగా బిగుసుకోకపోతే, లేదా ‘తలుపు తెరిచి ఉంది’ అనే దీపం ఆరకపోతే, ఆ బండిని నడపకండి. తాడుతో కట్టుకుని పోదామన్న ఆలోచన కూడా వద్దు.

షాపుకు వెళ్ళేటప్పుడు మొదటి దశ నుంచి రాసుకున్న కాగితాన్ని వెంట తీసుకెళ్ళండి. ‘తలుపు పనిచేయట్లేదు’ అంటే వాళ్ళు మొదటినుంచీ వెతుకుతారు, ఆ గంటలకూ మనమే డబ్బు కట్టాలి. ‘బ్యాటరీ 12.6, ఫ్యూజు బాగుంది, చేత్తో తోస్తే తేలిగ్గానే జరుగుతోంది, మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది గానీ తలుపు కదలట్లేదు’ అంటే నేరుగా కేబుల్ దగ్గరికి వెళతారు. నేను మాత్రం ఇప్పుడు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం స్విచ్ ఆపి, తలుపును ఒకసారి చేత్తో అటూ ఇటూ జరిపి చూస్తాను. స్లీపింగ్ బ్యాగు తాళ్ళు ముడివేశాకే బండెక్కిస్తాను.