సీసం తీసి బ్యాటరీ పెట్టు



నీ పీ-47 థండర్‌బోల్ట్ బొమ్మ విమానంలోని 55 సీసీ పెట్రోల్ ఇంజన్ తీసేసి కరెంటు మోటారు బిగిస్తానంటున్నావు. ఏ మోటారు కొనమంటావని అడిగావు. మార్చడం మంచిదే, మానమని చెప్పను. కానీ నువ్వు మొదలుపెట్టిన చోటే తప్పు ఉంది. మోటారు ఆఖర్న తేలే విషయం. బ్యాటరీ ఎక్కడ కూర్చోవాలన్నది ముందు తేలాలి. అది తేలితే మోటారు సైజు, ఎగిరే సమయం, చివరికి ఖర్చు కూడా వాటంతటవే తేలతాయి.

ఎందుకో ఆ విమానమే చెబుతుంది. అసలు థండర్‌బోల్ట్‌కి ముక్కున ఉన్నది 18 సిలిండర్ల ఆర్-2800 ఇంజన్, బలం 2,000 గుర్రాలు, బరువు టన్ను పైచిలుకు. ఖాళీ విమానం సుమారు నాలుగున్నర టన్నులు. అంటే దాదాపు పావు వంతు బరువు ముక్కులోనే ఉంది. అందుకే రూపశిల్పి కార్ట్‌వెలీ టర్బో యంత్రాన్ని తీసుకెళ్లి పైలట్ వెనక, తోక వైపు పెట్టగలిగాడు. కావడికి రెండో కుండ దొరికిందన్నమాట. నీ బొమ్మ దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. 9 కిలోల విమానంలో సైలెన్సర్‌తో కలిపి ఇంజన్ కిలోన్నర లోపే, అంటే ఆరో వంతు. ఆకారం మాత్రం అసలుదానిదే, పొట్టి ముక్కు, పొడవాటి తోక. అందుకే ముక్కు తేలిపోకుండా అందులో సీసం నింపారు. ఎగరడానికి ఏమాత్రం పనికిరాని ఆ బరువును విమానం ప్రతిసారీ మోసుకు తిరుగుతోంది. ఆ సీసం చేసే పనే బ్యాటరీ చేత చేయించాలన్నది నా వాదన.

ఉదాహరణకి కొన్ని అంకెలు వేసి చూపిస్తాను, నీ విమానం మీద నువ్వే కొలుచుకోవాలి. సీజీ (బరువు సమతూకం నిలిచే బిందువు) నుంచి ముందుకు దూరం సెంటీమీటర్లలో కొలిచి బరువుతో గుణించు. ఇంజన్, సైలెన్సర్ 1.45 కిలోలు 38 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 55. సీసం 700 గ్రాములు, 35 దూరంలో, 24.5. ఇగ్నిషన్ సామాను, దాని బ్యాటరీ, ఖాళీ ట్యాంకు కలిపి ఇంకో పదిన్నర. మొత్తం 90. ఇప్పుడు పెట్టేవి చూడు. మోటారు 950 గ్రాములు, 36 దూరంలో, 34. స్పీడ్ కంట్రోలర్, మోటారు కూర్చునే డబ్బా కలిపి మరో 10. ఇంకా 46 కావాలి. 12 సెల్స్, 5,000 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) ప్యాక్ 1.45 కిలోలు తూగుతుందనుకో, అది దాదాపు 32 సెంటీమీటర్లు ముందుండాలి. అంటే ట్యాంకు ఉండే చోట కాదు, ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే అడ్డగోడ) దాటి కౌలింగ్ (ముక్కు చుట్టూ ఉండే తొడుగు) లోపల. థండర్‌బోల్ట్ కౌలింగ్ గంగాళమంత వెడల్పు. ఇంజన్ తీసేశాక మోటారుకి అటొక ఆరు సెల్స్ ప్యాక్, ఇటొక ఆరు సెల్స్ ప్యాక్ హాయిగా పడతాయి. ఇక తీసినవాటి బరువు పెట్రోలుతో కలిపి 2.9 కిలోలు, పెట్టేవాటి బరువు 2.7. ఒక్క గ్రాము సీసం అక్కర్లేదు. అదే స్పిట్‌ఫైరో మస్టాంగో అయితే ముక్కు పొడవు కాబట్టి ఈ లెక్క వేరుగా వస్తుంది. అందుకే ఎవరో వాళ్ల విమానానికి కొన్న సామాను జాబితా నీకు పనికిరాదు.

ఇంజన్ బలం 5.5 గుర్రాలు కదా, 746తో గుణిస్తే 4,100 వాట్లు, అంత మోటారు వద్దా అంటావు. ఆ బలం ఇంజన్ తారస్థాయి వేగంలో ఇచ్చేది. ఇలాంటి స్కేలు యుద్ధవిమానానికి కిలోకి 250 నుంచి 330 వాట్లుంటే చాలు. 9 కిలోలకి 3,000 వాట్లు దాటనక్కర్లేదు. 12 సెల్స్ మీద అది 70 ఆంపియర్లు. కంట్రోలర్ మాత్రం 120 ఆంపియర్లది తీసుకో. వేడి తగ్గుతుంది.

పెట్రోలుతో పావుగంట ఎగిరేది, బ్యాటరీతో ఎనిమిది నిమిషాలేనా? నిజమే. ప్యాక్‌లో నూటికి ఎనభై వంతులే వాడాలి, అంటే 4 ఆంపియర్-అవర్లు. సగటున 30 ఆంపియర్లు లాగితే సరిగ్గా 8 నిమిషాలే వస్తాయి. కిలో పెట్రోల్‌లో దాదాపు 12,800 వాట్-అవర్ల శక్తి ఉంది, కిలో లిపోలో 150 మాత్రమే. చిన్న టూ-స్ట్రోక్ అందులో ఎక్కువ భాగం వేడిగా పారబోస్తుంది, అయినా ఈ పోటీలో బ్యాటరీ గెలవదు. గెలిపించాలని అదనపు ప్యాక్ ఇరికించావో, నేను తీయించిన సీసం మరో పేరుతో తిరిగొచ్చినట్టే. 8 నిమిషాల్లో ఒక టేకాఫ్, నాలుగు లూపులు, ఒక ల్యాండింగ్ అయిపోతాయి. ఇంకో విమానానికి చోటిచ్చి దిగు.

శబ్దం పోతుందని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. సింగిల్ సిలిండర్ టూ-స్ట్రోక్ మోత ఆర్-2800 గర్జన ఎప్పుడూ కాదు. ఈ రకం ఇంజన్లు చాలావాటికి మూలం చెట్లు కోసే రంపం యంత్రాలే, మోత కూడా ఆ వంశానిదే.

అగ్గి విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకు, అది న్యాయమైన అభ్యంతరం. 50 వోల్టుల ప్యాక్ కలిపేటప్పుడు కనెక్టర్ చివర నీలిరంగు నిప్పురవ్వ టప్‌మని లేచి, ఇత్తడి మీద నల్లటి గుంట పడుతుంది. యాంటీ-స్పార్క్ కనెక్టర్ తప్పనిసరి. పైగా ఇంజన్ తిప్పితేగానీ లేవదు, మోటారుకి ప్యాక్ తగిలించిన క్షణం నుంచే ప్రాణం ఉంటుంది. కాబట్టి కౌలింగ్ బయట నుంచి పెట్టే ఆర్మింగ్ ప్లగ్ అమర్చు, అది రన్‌వే దగ్గర మాత్రమే పెట్టు. 22 అంగుళాల ప్రొపెల్లర్ వేళ్లను లెక్కచేయదు. రిసీవర్‌కి ఇప్పుడున్న వేరే బ్యాటరీలు అలాగే ఉండనీ. ప్యాక్‌లను మీ డాలస్ ఎండలో కారులో వదిలేయకు, ఎగరని రోజుల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచు. గాలి లోపలికి రావడం కన్నా బయటికి పోవడానికి పెద్ద దారి ఉండాలి, లేకపోతే కౌలింగ్‌లోని ప్యాక్‌లు ఉడికిపోతాయి.

ఇంకొకటి. పాత ఫైర్‌వాల్ చెక్క ఆయిల్ పీల్చి ఉంటుంది. అది ఆరేదాకా తుడిచి, అవసరమైతే పైపొర గీకి, అప్పుడు ఎపాక్సీ వెయ్యి. నూనె చెక్క మీద అతికించిన మోటారు డబ్బా మొదటి లూపులోనే ఊడొచ్చేస్తుంది. ప్రొపెల్లర్ ఉన్న చోటు, ఇంజన్‌కి ఇచ్చిన కుడివాలు, కిందివాలు పాతవే ఉంచు.

ఈ వారం ట్యాంకు ఖాళీ చేసి, ముక్కులో సీసం ఎంతుందో విప్పి తూచు. సీజీ నుంచి ఫైర్‌వాల్‌కీ, ఇంజన్ మధ్యకీ దూరం కొలువు. ఆ అంకెలు పంపాక మోటారు పేరు అడుగు, చెబుతాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
మామయ్య